ఈ పేజీకి ఎన్ని చుక్కలు, టీచర్?

పోయిన నెలలో ఒక రోజు, నేను లెక్కలు రాసే సంస్థలో సిబ్బందికి శిక్షణ తరగతి పెట్టారు. భువనేశ్వర్ నుంచి వచ్చిన శిక్షకుడు తెర మీద ఒక త్రిభుజం వేసి మనిషిని ఏది కదిలిస్తుందో వివరించారు. అడుగున తిండి, నిద్ర. దాని మీద భద్రత. ఆపైన ప్రేమ, ఆపైన గౌరవం. కొసన, తనలో ఉన్న శక్తినంతా వెలికి తెచ్చుకోవాలనే తపన. కింది మెట్టు నిండనిదే మనిషి పై మెట్టు వైపు చూడడని ఆయన మూడుసార్లు చెప్పారు.

భోజనాల దగ్గర ఎవరో నా ఆదివారం తెలుగు బడి గురించి ఆయనకు చెప్పారు. ఆయన ఆదరంగానే అన్నారు: "మంచి పనే మేడమ్. కానీ అది కొసన ఉండే కోరిక. కూలి చేసుకునే ఇళ్ల పిల్లలకు ఇప్పుడు అవసరం లేదు. ముందు అడుగు నిండనివ్వండి."

అప్పుడు నేను మాట్లాడలేకపోయాను. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగు నేర్పేవాళ్లం అందరం ఏదో ఒక రూపంలో వినే మాటే అది. "ఒడియా చదివితే ఉద్యోగం వస్తుంది, ఇంగ్లీషు చదివితే ఊరు దాటవచ్చు, తెలుగు చదివితే ఏమొస్తుందమ్మా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. శిక్షకుడు ఆ ప్రశ్నకే శాస్త్రం తొడిగి నా ముందు పెట్టారు. ఆ శాస్త్రం అలా చెప్పదని, చెప్పినా మా పిల్లల విషయంలో అది నిలబడదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో రాస్తాను. ఈ మూడేళ్లలో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఇందులో ఉంది.

త్రిభుజంలో లేనిది

ఆ త్రిభుజానికి మూలమని చెప్పేది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం మాస్లోను. ఆ రాత్రి ఆయన 1943లో రాసిన వ్యాసం మళ్లీ చదివాను. అందులో త్రిభుజమే లేదు. ఆ బొమ్మ తర్వాతి కాలంలో నిర్వహణ పాఠాలు చెప్పేవాళ్లు గీసింది. మాస్లో అవసరాలను ఐదు రకాలుగా వరుసలో పెట్టిన మాట నిజమే. అయితే ఆ వరుస అందరికీ ఒకేలా ఉండదని, ఒక అవసరం నూటికి నూరు పాళ్లు తీరాకే రెండోది పుడుతుందనుకోవడం పొరపాటని ఆయనే రాశారు. ఊరికే ఉదాహరణకు అని చెప్పి కొన్ని అంకెలు కూడా ఇచ్చారు. సగటు మనిషికి శరీరం అడిగేవి 85 పాళ్లు తీరితే, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, ఆ చివరి తపన 10 పాళ్లు తీరి ఉండవచ్చట. అంటే ఐదూ ఒకేసారి, ఎక్కువ తక్కువలుగా మనిషిని లాగుతూనే ఉంటాయి.

ఇది మా వీధిలో రోజూ చూసేదే. నాలుగిళ్లలో పనిచేసుకునే ఒక తల్లి ఉంది. ఇంటి అద్దె రెండు నెలలు బాకీ. అయినా సంక్రాంతికి పుట్టింటికి వెళ్లడానికి బస్సు డబ్బులు దీపావళి నాటి నుంచే చీర కొంగున ముడి వేసి దాచింది. ఆ త్రిభుజం ప్రకారం ఆమె ముందు అద్దె కట్టాలి, తర్వాత అమ్మను తలచుకోవాలి. ఆమెకు ఆ వరుస తెలియక కాదు. అమ్మను చూడకుండా ఒక ఏడాది గడిస్తే, మిగిలిన పనులు చేయడానికి ఒంట్లో సత్తువ ఉండదని ఆమె నాతో అంది.

కూటి కోసం కోటి విద్యలు అని మన పెద్దలు అన్నారు, కాదనను. ఆకలిని చిన్నది చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఆకలిగా ఉన్నవాడికి మరో ఆకలి ఉండదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఆ మాట వినడానికి జాలిగా ఉంటుంది. ఆచరణలో అది పేదవాళ్ల పిల్లల ముందు నుంచి పుస్తకం లాగేసుకోవడమే అవుతుంది.

బంగారు రంగు చుక్కలు

ఇక నా తప్పు సంగతి.

2022 దసరా తర్వాత రామమందిరం మండపంలో పద్నాలుగు మంది పిల్లలతో బడి మొదలుపెట్టాను. అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే, బడిలో ఒడియా చదివేవాళ్లే. ఒడియా అక్షరాలు బాగా వచ్చు కాబట్టి తెలుగు త్వరగా పట్టుకుంటారనుకున్నాను. పట్టుకున్నారు కూడా. తమాషా చిక్కులు మాత్రం వచ్చేవి. ఒడియాలో 'ఠ' అక్షరం అచ్చం మన సున్నలా ఉంటుంది. మొదటి వారం ఒక పిల్ల 'పండు'ను వేలితో చూపిస్తూ "పఠడు" అని చదివింది. పక్కనున్న పిల్లాడు పకపకా నవ్వాడు, తన వంతు వచ్చినప్పుడు 'గంట'ను "గఠట" అన్నాడు. ఆ నెలంతా మండపం నవ్వులతో నిండి ఉండేది.

వారానికి ఎనిమిది మందో పది మందో వచ్చేవాళ్లు. ఒక్కరూ మానకూడదని నాకు ఆశ పుట్టింది. బజారులో బంగారు రంగు నక్షత్రాల కాగితాలు కొన్నాను. ఒక పేజీ చదివితే ఒక చుక్క. పది చుక్కలకు పెన్ను, ఇరవై ఐదుకు జామెట్రీ పెట్టె. ఆరు వారాల్లో పిల్లలు ఇరవై ముగ్గురయ్యారు. ఇంత సులువైన ఉపాయం ముందే ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

కొన్నాళ్లకు చిన్న చిన్న సంగతులు కళ్లబడసాగాయి. పెద్ద బొమ్మ, రెండే వాక్యాలు ఉన్న పేజీలున్న పుస్తకాలకే గిరాకీ. కాస్త దట్టంగా అక్షరాలున్న పుస్తకాలు అలమరలోనే ఉండిపోయాయి. ఒక పిల్లాడు అక్కతో పేజీ మొత్తం చెప్పించుకుని కంఠస్థం చేసి, పుస్తకం తలకిందులుగా పట్టుకుని "చదివాడు". 'పఠడు' నవ్వులు ఆగిపోయాయి. తప్పు చదివితే చుక్క పోతుంది కదా.

ఆ 'పఠడు' పిల్లే ఒక ఆదివారం చిన్న కాగితం పట్టుకొచ్చింది. మందస నుంచి వాళ్ల అమ్మమ్మ, బంధువుల చేత జీడిపప్పు పంపుతూ ఆ సంచిలో పెట్టిన చీటీ అది. అమ్మమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. నోటు పుస్తకంలోంచి చింపిన సగం కాగితం, నీలం సిరా, వంకర గీతల మీద పెద్ద పెద్ద అక్షరాలు. "పాపకు జ్వరం తగ్గిందా. పప్పు వేయించి పెట్టు. పండక్కి రండి." వాళ్ల అమ్మకు చదవడం రాదు, నాన్న ఊళ్లో లేడు. "నువ్వే చదువు, నీకు వచ్చుగా" అన్నాను. ఆ పిల్ల కాగితాన్ని మడత విప్పి, మోకాలి మీద చదును చేసి, ఒకసారి పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత తలెత్తి అడిగింది: "ఈ పేజీకి ఎన్ని చుక్కలు, టీచర్?"

నేను "ఒకటి" అన్నాను. చదివాక అతికించాను కూడా. అమ్మమ్మ చీటీకి బంగారు చుక్క అతికించిన చేయి నాది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సంక్రాంతి తర్వాత చుక్కలు ఆపేశాను. ఉగాదికి ఆరుగురు మిగిలారు. చుక్కలు పెట్టకముందు వచ్చేవాళ్లకంటే తక్కువ.

ధర పలికాక

ఇదంతా ఎప్పుడో తేలిన విషయమేనని తర్వాత తెలిసింది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ముందే చెప్పారు: గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని. రెండో జట్టుకు చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత పిల్లలు తమంతట తాము ఆడుకునే వేళ చూస్తే, బహుమతి ఆశపెట్టి గీయించిన జట్టు, మిగిలిన వాళ్లు గీసే సమయంలో దాదాపు సగమే బొమ్మలతో గడిపింది. చెప్పకుండా ఇచ్చిన జట్టుకు ఏ నష్టమూ లేదు. బహుమతి కన్నా ముందుగా కుదిరిన బేరమే చెడగొట్టింది. ఆ యోగ్యతాపత్రం మీద ముద్ర బంగారు రంగుదని చదివినప్పుడు నా చుక్కలే కళ్ల ముందు మెదిలాయి.

అంతకు ముందే, 1950 ప్రాంతంలో, హారీ హార్లో అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త కోతుల దగ్గర ఇలాంటిదే చూశారు. గొళ్లేలు, కొక్కేలు ఉన్న పలకలను అవి ఏ ఆశా లేకుండా విప్పుతూ కూర్చునేవి. లోపల ఎండుద్రాక్ష పెట్టాక తడబడ్డాయి. అడ్డదిడ్డంగా లాగాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో జరిగిన పరిశీలన. ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఆర్థికవేత్తలు 2000లో దాన్ని ప్రకటించారు. పది శిశు సంరక్షణ కేంద్రాలు. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చేవాళ్లు. ఆరు కేంద్రాల్లో పది నిమిషాలు దాటితే పది షెకెళ్ల (అక్కడి డబ్బు) జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గుతాయనుకుంటే సుమారు రెట్టింపయ్యాయి. అంతకు ముందు ఆలస్యంగా వస్తే, తమ కోసం కూర్చున్న టీచరు మొహం చూడాల్సి వచ్చేది. జరిమానా వచ్చాక ఆ మొహమాటానికి ఒక ధర పలికింది, కట్టి నిశ్చింతగా ఉండవచ్చు. తర్వాత జరిమానా ఎత్తేశారు. ఆలస్యాలు మాత్రం పాత స్థాయికి రాలేదు.

నా ఆరుగురి లెక్క అక్కడ అర్థమైంది. చుక్కలు తీసేస్తే బడి పాత బడి అవుతుందనుకున్నాను. కాలేదు. చుక్క పిల్లలకు ఒక సంగతి చెప్పేసింది: ఇది ఊరికే చేసే పని కాదు, కూలి ఇస్తే చేసే పని అని. కూలి ఆగాక రావడానికి వాళ్లకు కారణం కనిపించలేదు. వాళ్లను ఏమనగలను? ఆ సంగతి నేర్పింది నేనే.

జీతం అడిగితే పాపమా?

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పకపోతే, నేను చెప్పేదంతా చెడ్డవాళ్ల చేతికి ఆయుధమవుతుంది.

మా పక్కింటి వదిన ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. మూడు నెలలుగా జీతం లేదు. జీతం బదులు ఒక శనివారం ఉపన్యాసం పెట్టించారు. నిజమైన గురువు డబ్బు కోసం పనిచేయడని, లోపలి ప్రేరణే అసలైన ప్రేరణ అని అందులో చెప్పారట. నేను ఈ ప్రయోగాల గురించి ఉత్సాహంగా చెబుతుంటే వదిన వంకాయలు కోస్తూ వింది. "నువ్వు చదివిన పుస్తకాలే వాళ్లూ చదివినట్టున్నారు" అంది. అంత మాట పడ్డాక నేను ఇంకేం చెప్పను?

ఆమెకు సమాధానం ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసినదాంట్లో దొరికింది. ఆయన బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు రెండు వందల మంది ఇంజనీర్లతో, నాలాంటి లెక్కలు రాసేవాళ్లతో మాట్లాడి 1959లో ఒక సంగతి బయటపెట్టింది. మనిషికి పని మీద విసుగు తెప్పించేవి వేరు, పని మీద ప్రేమ పుట్టించేవి వేరు. జీతం, పై అధికారి తీరు, పని చేసే చోటు మొదటి రకం. అవి సరిగా లేకపోతే మనిషి కుంగిపోతాడు. సరిగా ఉన్నంత మాత్రాన పనిని ప్రేమించడు. ఈ పద్ధతి మీద ఒక గట్టి విమర్శ ఉంది. బాగా జరిగినదాన్ని తన ప్రతిభ ఖాతాలో, చెడిందాన్ని పక్కవాళ్ల ఖాతాలో వేసుకోవడం మనిషి గుణం కాబట్టి, అడిగి తెలుసుకుంటే జవాబులు ఇలాగే వస్తాయని. ఆ విమర్శను గుర్తుంచుకునే నేను దీన్ని వాడుతున్నాను. జీతం ప్రేమను కొనలేదు. ప్రేమ ఉంది కదా అని జీతం ఎగ్గొట్టడం మాత్రం దొంగతనం. పెద్దవాళ్ల బతుకుతెరువుకూ పిల్లల ఆదివారానికీ ఒకే సూత్రం పెట్టకూడదని వదిన వంకాయల దగ్గర నేర్చుకున్నాను.

దీపం కింద పాప

మళ్లీ బడి దగ్గరికి వస్తాను. ఆరుగురితో ఏం చేయాలో తోచని రోజుల్లో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చదివాను. మన తెలుగువాళ్లకు ఆయన గుర్తుండాలి. 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్ రప్పించి, సాధించాలనే పట్టుదలను శిక్షణతో పెంచవచ్చా అని పరీక్షించింది ఆయన బృందమే. శిక్షణ పొందినవాళ్లు తర్వాతి కాలంలో వ్యాపారాన్ని మరింత చురుకుగా నడిపారని, డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం రాశారు. కులం, ఆచారం, కర్మ సిద్ధాంతం మన వాళ్ల కాళ్లకు సంకెళ్లని అప్పట్లో పెద్ద పెద్దవాళ్లు అనేవారు. ఆ వ్యాపారులు తమ ఆచారాలు వదులుకోకుండానే ముందుకు నడిచారు.

నన్ను ఆకర్షించింది ఆయన ఫలితం కన్నా పద్ధతి. మనిషిని "నీకేం కావాలి" అని సూటిగా అడగరు. ఒక బొమ్మ చూపించి కథ చెప్పమంటారు. ఆ కథలో సాధించాలనే కోరిక ఎంత, నలుగురితో కలిసి ఉండాలనే కోరిక ఎంత, పెత్తనం కోరిక ఎంత అని వెతుకుతారు. నేనూ ఒక బొమ్మ గీశాను. దీపం కింద ఒక పాప, చేతిలో పుస్తకం. అంతే. ఆ వారానికి మండపంలో మళ్లీ తొమ్మిది మంది అయ్యారు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి కథ చెప్పమన్నాను.

ఒకడు, ఆ పాప తాతయ్యకు మందుల అట్ట మీద రాసింది చదివి పెడుతోందన్నాడు. ఒకమ్మాయి, పెళ్లి శుభలేఖ వచ్చిందని, అందులో ఎవరెవరి పేర్లున్నాయో అమ్మకు చెబుతోందని అంది. ఒకడి కథలో పాప పాతపట్నం వెళ్లి బస్సు బోర్డు చదివింది, నాన్న టెక్కలి బస్సనుకుని పలాస బస్సు ఎక్కబోతుంటే ఆపింది. అందరికంటే చిన్నది, ఆ పాప మేకపిల్లకు కథ చదివి నిద్రపుచ్చుతోందంది. నేను గీసిన బొమ్మలో పాప ఒక్కతే ఉంది. తొమ్మిది కథల్లోనూ పక్కన ఇంకొకరు వచ్చి కూర్చున్నారు.

తొమ్మిది కథలతో సిద్ధాంతం కట్టకూడదని నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి నేను అడిగే ప్రశ్న మారింది. తెలుగు చదివితే ఏమొస్తుందని ఎవరైనా అడిగితే లాభాల జాబితా చెప్పడం మానేశాను. ఎవరికి చదివి పెడతారని అడుగుతున్నాను. మనిషిని కదిలించేదాన్ని ఈ సిద్ధాంతాలన్నీ మనిషి లోపలే వెతుకుతాయి. మాస్లో ప్రేమను మూడో వరుసలో పెట్టారు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకాస్త దగ్గరికి వచ్చారు. తన ఇష్టంతో చేస్తున్నాననే భావన, చేతనవుతోందనే నమ్మకం, తనవాళ్లున్నారనే ధైర్యం, ఈ మూడూ మనిషికి తిండీ నీళ్లూ లాంటివేనని, ఒకదాని తర్వాత ఒకటి కాదని అన్నారు. నా అనుభవం ఇంకో అడుగు ముందుకు వేయమంటోంది. కనీసం మా ఊళ్లో, ఏ ఉద్యోగమూ ఇవ్వని ఈ అక్షరాల విషయంలో, మొదటి రెండూ మూడోదాని చేయి పట్టుకునే వస్తున్నాయి. వినేవాళ్లు ఉన్నప్పుడే పిల్లకు ఇష్టం పుడుతోంది. వాళ్లు విన్నప్పుడే తనకు చేతనయిందని తెలుస్తోంది.

అప్పటి నుంచి ప్రతి పిల్లా ఒక వినేవాళ్లను వెతుక్కోవాలని పెట్టాను. ఆదివారం నేర్చుకున్న పేజీని వారం మధ్యలో ఆ మనిషికి చదివి వినిపించాలి. విన్నట్టు సంతకమో వేలిముద్రో పెట్టిద్దామా అనుకుని మానేశాను. అదీ ఇంకో రకం చుక్కే అవుతుంది. విన్నారో లేదో నేను అడగను. పిల్లలే చెబుతారు, అడ్డుకున్నా ఆగకుండా.

ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. ఇరవై ముగ్గురు కాదు.

తీరని సందేహాలు

నేనే సరి అని తేల్చేయడానికి కొన్ని సంగతులు అడ్డం వస్తున్నాయి.

పుస్తకం తలకిందులుగా పట్టుకున్న పిల్లాడు ఉన్నాడు కదా, వాడు చుక్కల కోసమే వచ్చాడు. చుక్కలు లేకపోతే మండపం మెట్లు ఎక్కేవాడే కాదు. చుక్కలు ఆగినా వాడు ఆగలేదు. ఇప్పుడు అందరికంటే బాగా చదివేది వాడే. ఇష్టం ఉన్న చోట బహుమతి చెరుపు చేస్తుందని లెప్పర్ ప్రయోగం చూపించింది. అసలు ఇష్టమే లేని చోట బహుమతి గుమ్మం దాకా తీసుకురావచ్చేమో. డెసీ, రయాన్, రిచర్డ్ కోస్ట్‌నర్ కలిసి 1999లో 128 ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కూడా, ముందుగా చెప్పి ఇచ్చే వస్తువులు ఇష్టాన్ని తగ్గించాయని తేలింది కానీ, మెప్పు మాట దాన్ని పెంచింది. అంటే ఇవ్వడమే తప్పు కాదు. ఏమిటి, ఎలా, ఎవరికి అనేదంతా చూడాలి. నేను అందరికీ ఒకే కొలతతో ఇచ్చాను.

రెండోది, వినేవాళ్ల చేతిలో దెబ్బ తిన్న పిల్ల. వాళ్ల నాన్నకు చదివి వినిపించబోతే, తడబడిన చోటల్లా ఆయన వెక్కిరించాడు. మూడు వారాలు రాలేదు. కట్టి ఉంచే తాడే కోసేస్తుందని నేను ముందుగా ఆలోచించలేదు. వాళ్లింటికి వెళ్లి ఆయనతో మాట్లాడాను. ఆయన తప్పు ఒప్పుకున్నాడు. "నాకు రాదు కదా, దానికి వస్తుంటే ఎందుకో కోపం వచ్చింది" అన్నాడు. పిల్ల తిరిగి వచ్చింది గానీ ఇప్పుడు నాన్నకు చదవదు, పెద్దమ్మకు చదువుతుంది.

మూడోది, అసలు స్వేచ్ఛ అంటే ఏమిటన్నది. మా పిల్లల్లో సగం మంది అమ్మ పంపితేనే వస్తారు. అది బయటి ఒత్తిడి కాదా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. షీనా అయ్యంగార్, లెప్పర్ 1999లో ప్రకటించిన ప్రయోగం కొంత ఊరట ఇచ్చింది. అక్షరాలు తారుమారైన పదాలను సరిచేసే ఆటలో, ఐరోపా మూలాలున్న అమెరికా పిల్లలు తామే ఎంచుకున్న ఆట మీద ఎక్కువ సేపు కూర్చున్నారు. ఆసియా మూలాలున్న పిల్లలు మాత్రం, "ఇది మీ అమ్మ ఎంచింది" అన్నప్పుడు అందరికంటే ఎక్కువ సేపు కూర్చున్నారు. అమ్మ మాట వాళ్లకు బయటి మాట కాదు. అయినా దీన్ని పట్టుకుని పిల్లల ఇష్టాయిష్టాలన్నీ మనమే తేల్చేయవచ్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమ్మ మాట లోపలికి వెళ్లిందా, భుజం మీదే బరువుగా ఉండిపోయిందా అన్నది ఆ పిల్ల నడకలో తెలుస్తుంది.

మా ఊరి గురించి రాస్తూ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ఉండలేను. ఇక్కడ బడిపంతులుగా ఉంటూ కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. ఆ తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకు క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారని చెబుతారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు నాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. శిక్షకుడిని అడిగితే ఆయనను త్రిభుజం కొసన కూర్చోబెడతారు. నాకు ఆ చోటు నచ్చదు. అది ఒక్క మనిషే పట్టే చోటు. ఆయన కొండెక్కింది తనను తాను వెలికి తెచ్చుకోవడానికని నేను అనుకోలేను. అక్కడ మాట్లాడేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట వినేవాళ్లు లేరు. వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్నారు.

వినేవాళ్లు లేని పిల్ల

నా పద్ధతిలో పెద్ద లోటు ఒకటి మొదట్లోనే బయటపడింది. ఒక పిల్లకు వినేవాళ్లు ఎవరూ లేరు. తల్లి లేదు, తండ్రి సూరత్‌లో పని. ఆ పిల్ల ఉండేది మేనత్త ఇంట్లో. అత్తకు తీరిక ఉండదు. "నేను ఎవరికి చదవాలి, టీచర్?" అని అడిగితే "నాకు చదువు" అన్నాను. చదివింది, కానీ పాఠం అప్పజెప్పినట్టు చదివింది. నాకు ఆ కథ వచ్చునని ఆమెకు తెలుసు.

మండపంలో పొద్దున్నే వచ్చి కూర్చునే ఒక పెద్దాయన ఉన్నారు. కొమ్ముతో బొమ్మలు చేస్తారు. మాతృభాష ఒడియా. ఈ ఊళ్లో చాలామందిలాగే తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఒక ఆదివారం ఆ పిల్ల స్తంభం పక్కన కూర్చుని తనలో తాను చదువుకుంటుంటే, ఆయన ఆకురాయి ఆపి, "ఆ కొంగ తర్వాత ఏమయింది?" అని వచ్చీరాని తెలుగులో అడిగారు. ఆయన చేతిలో ఉన్నదీ సగం చెక్కిన కొంగే. పిల్ల నా వైపు చూసింది. నేను పక్క పిల్లాడి పలక వైపు తిరిగాను. కాసేపటికి వెనక నుంచి చదువు వినిపించింది. ఇంతకు ముందు వినిపించినంత నెమ్మదిగా కాదు, తప్పుల మీద తప్పులతో, కథ ఎటు పోతుందో చూడాలన్న తొందరతో.

రథయాత్ర వారంలో బడికి సెలవిచ్చాను. ఆ ఆదివారం కూరగాయలకు వెళ్తూ మండపం వైపు చూశాను. మెట్ల మీద కొమ్ము పొడి తెల్లగా రాలి ఉంది. ఆయన రుద్దుతున్నారు, ఆ పిల్ల చదువుతోంది. నేను ఆగకుండా బజారు వైపు నడిచాను.